ఒక గదిలో ఇంకో గది

మొన్న కలకత్తా సాల్ట్ లేక్‌లో మా అబ్బాయి తీసుకున్న కొత్త ఫ్లాటుకు తెరలు కొనాలని కోడలు నన్ను దుకాణానికి తీసుకువెళ్ళింది. ఏ గోడకు ఏ రంగు నప్పుతుందో, ఏ గుడ్డ ఉతికితే కుంచించుకుపోతుందో నేను తడుముకోకుండా చెప్పేస్తుంటే, ఇవన్నీ మీకెలా తెలుసని ఆమె ఆశ్చర్యపోయింది. ఏక్‌బాల్‌పూర్‌లోని ఒంటిగది ఇంట్లో, పెళ్ళయిన రెండో ఏట నేర్చుకున్నాను మరి.

మామగారిది కార్పొరేషన్‌లో పని, మా ఆయనది రేవులో. వంట, పడక, వచ్చేపోయే చుట్టాలు, రేడియో అన్నీ ఆ ఒక్క గదిలోనే. ఆ ఏడాది మెట్రిక్ పరీక్ష రాయవలసిన మా ఆడపడుచు ఒక సాయంత్రం పుస్తకం మూసేసి, "ఈ గోలలో ఏటి సదవమంటావు వదినా? మానేస్తాను" అంది. ఏడవకుండా అంది, అందుకే నాకు భయం వేసింది.

మర్నాడే గదికి అడ్డంగా తెర కుడదామని పాత చీరలు ముందేసుకున్నాను. మన బొంత కుట్టు నాకు వచ్చు గానీ, రెండు చీరలు కలిపి, అంచుల్లోంచి లాగిన రంగుదారాలతో బొమ్మలు కుట్టడం నేర్పింది మాత్రం పక్కింటి బెంగాలీ పెద్దావిడ. ఆవిడను అందరం మాశీ, అంటే పిన్ని, అనేవాళ్ళం. ఆవిడ చేపలు కుట్టమంటే నేను మా శ్రీకాకుళం జీడిమామిడి పళ్ళు కుట్టాను. వాటిని చూసి మిరపకాయలు బాగున్నాయని మెచ్చుకుంది.

అత్తగారికి మాత్రం మండిపోయింది. "ఏటమ్మీ, ఉన్న ఒక్క గదినీ ముక్కలు సేసెస్తావేటి?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ కుట్టడం ఆపలేదు. తీరా చూస్తే తెర మూరెడు తక్కువైంది, ఇంట్లో ఇంకో పాత చీర లేదు. మూడోనాడు మధ్యాహ్నం ఆవిడ పెట్టె తెరిచి తన పెళ్ళిచీర తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"ఇదెయ్యి. నాను ఎలాగూ సదువుకోనేదు, దాన్ని సదవనీ."

నేను కత్తెర తీసుకుంటే, చీర రెండో కొస ఆవిడే బిగించి పట్టుకుంది.

కిటికీ ఊచ నుంచి గోడమేకుకు తాడు కట్టి తెర వేలాడదీశాం. దాని వెనక ఒక పీట, ఒక పెట్టె, ఒక దీపం. మామగారు ఎవరూ చెప్పకుండానే రేడియో తగ్గించారు. ఆడపడుచు పాసైంది, తరవాత పంతులమ్మ అయింది. తెర కట్టిన ఏడాదే మా సందులో నాలుగిళ్ళకు నా చేత్తో తెరలు కుట్టిపెట్టాను. చేతిలో సూది ఉంటే ఏ ఇంటినైనా బాగుచేయగలనన్న ధైర్యం నాకు అప్పుడు వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

తెర వెనక పేజీ తిప్పే చప్పుడు ఆగితే పిల్లకు నిద్ర ముంచుకొస్తోందని తెలిసేది, టీ పెట్టి అంచు కింద నుంచి గ్లాసు జరిపేదాన్ని. ఇప్పుడు మనిషికో గది, గదికో తలుపు. చదువుకునేవాళ్ళకు ఇదే మేలు, ఒప్పుకుంటాను. టీ మాత్రం ఇప్పుడు అడిగినవాళ్ళకే అందుతోంది.