పాట లేని చీటీ

మా కాలేజీ నెల ఫీజు కంటే కలకత్తా రేవు పక్కన మేముండే మెటియాబ్రుజ్ నుంచి అక్కడికి వెళ్లొచ్చే బస్సు ఖర్చే ఎక్కువ. ప్రభుత్వ కాలేజీ మరి. మార్కులు తెచ్చుకుంటే చాలు, చదువుకి డబ్బేమిటి అనుకుంటూనే ఇరవై రెండేళ్లు పెరిగాను. అందుకే ఇంగ్లండులో ఎమ్మెస్సీ సీటు వచ్చి, ఫీజులో సగం మాఫీ అని ఉత్తరంలో చదివినప్పుడు, ఆ రెండో సగం ఎంత పెద్దదో నా బుర్రకి వెంటనే ఎక్కలేదు. మా బెంగాలీ ప్రొఫెసరుగారు "సగం అయిపోయింది కదా, ఇంకేం?" అన్నారు. సగం బావి దూకినవాళ్లు ఎక్కడ పడతారో ఆయనకి తెలియదు కాబోలు.

నాన్న ఓడల డాక్‌లో పనిచేసేవాడు. బ్యాంకువాళ్లు అప్పు ఇవ్వడానికి పొలం కాగితాలో ఇంటి కాగితాలో తెమ్మన్నారు. శ్రీకాకుళంలో మాకు పొలం లేదు, కలకత్తాలో ఉన్నది అద్దె ఇల్లు. వీసా కావాలంటే ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు ముందే నా ఖాతాలో కనిపించాలి, వీసా వచ్చేదాకా కదలకుండా ఉండాలి. అమ్మ గాజులు అమ్మినా, నాన్న ప్రావిడెంట్ ఫండు తీసినా ఇంకా లోటే. ఇక మిగిలింది చీటీ.

మా వీధిలో ఇరవై తెలుగు కుటుంబాలు కలిసి చీటీ కట్టేవి. నడిపే ముసలామెని అందరం చీటీ అవ్వ అనేవాళ్లం. నెలనెలా జీతాల తర్వాతి ఆదివారం ఆమె అరుగు మీద పాట. ఎవరు ఎక్కువ వదులుకుంటామంటే ఆ నెల డబ్బు వాళ్లది. అంటే, అవసరం పీకల మీదికి వచ్చినవాడికే అందరికన్నా తక్కువ ముడుతుంది. ఈ న్యాయం నాకు చిన్నప్పటినుంచీ నచ్చేది కాదు. కానీ ఒక్క మంచి ఆచారం ఉండేది. ఎవరింట్లోనైనా పెళ్లో చావో వస్తే ఆ నెల పాట ఉండదు. ఎవరూ నోరెత్తరు, మొత్తం డబ్బు ఆ ఇంటికి వదిలేస్తారు.

ఆ నెల నాన్న చీటీ నుంచి వచ్చి డబ్బంతా అమ్మ చేతిలో పెట్టాడు. రూపాయి కూడా తగ్గలేదు. నా చదువు కోసం వీధి వీధంతా పాట మానేసిందని పొంగిపోయాను. మర్నాడే బ్యాంకులో వేసి వచ్చాను.

మూడో రోజు పక్కింటి అత్త పసుపూ కుంకుమా జాకెట్టు గుడ్డా పట్టుకొచ్చింది. వాళ్లాయన డాక్‌లో క్రేన్ నడిపేవాడు, నేను మావా అని పిలిచేదాన్ని.

"ఏటే గుంటా, పెల్లి కుదిరితే నాకైనా సెప్పవేటి? పెల్లికొడుకుది ఏ ఊరు?"

నేను అమ్మ వంక చూశాను. అమ్మ స్టవ్ వంక చూసింది. అత్త తన ధోరణిలో తాను చెప్పుకుపోయింది.

"మీ మావ ఈ నెల పాటకనే ఎల్నాడు. మా గుంటకి నర్సు ట్రైనింగు సీటొచ్చింది కదా, వారం రోజుల్లో ఫీజు కట్టాల. మీ అయ్య నీ పెల్లని నోరిప్పీసరికి ఇంకేటంతాడు, మాటాడకండా కూకున్నాడు. పోన్లే, పెల్లి ఆగుతాదేటి? సదువంటే ఒచ్చే ఏడు సూసుకుంతాం."

దెప్పిపొడుపు కాదది, మనస్ఫూర్తిగానే అంది. అందుకే నాకు తలెత్తబుద్ధి కాలేదు.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. మా నాన్న లేని పెళ్లి ఒకటి చెప్పి కూతుర్ని చదివించబోయాడు. డ్యూటీ నుంచి రాగానే మీద పడ్డాను. ఎందుకాడావీ అబద్ధం అన్నాను.

"సదువుకని సెప్తే ఒగ్గుతారేటి?" అన్నాడు చొక్కా విప్పుతూ. "అందరి పిల్లలూ సదవతన్నారు, నీ కూతురికేటి ఎక్కువంతారు. పాటలో సగం ఎగిరిపోద్ది. ఆ మిగిలిందాంతో నీ వీసా ఒస్తాదా?"

"మావకి ఇచ్చేద్దాం."

"ఇచ్చీ. ఖాతా నీ పేరునే ఉంది. నాను అడ్డు రాను, నీ సేత్తోనే ఇచ్చీ."

నాన్న మీద కోపం నిజమే, కానీ ఆ మాటతో బరువంతా నా నెత్తిన పెట్టేశాడు. ఇంకా ఏడు రోజుల గడువుంది. నేనొక సంతకం పెడితే చాలు. ఒకరోజు పాస్‌బుక్కు పట్టుకుని బస్టాపు దాకా వెళ్లి, ఎండగా ఉందని వెనక్కి వచ్చాను. ఇంకోరోజు ప్రొఫెసరుగారిని కలవాలని గుర్తొచ్చింది. ఆఖరి రోజు బంద్. బస్సులు లేవు, బ్యాంకు తెరవలేదు. ఆ రోజు మాత్రం కడుపునిండా అన్నం తిన్నాను, తప్పంతా బంద్ చేసినవాళ్లదే అయినట్టు.

గడువు దాటింది. నర్సు సీటు ఇంకెవరికో వెళ్లిపోయింది. మావ కూతురు దర్జీ కార్ఖానాలో కాజాలు కుట్టే పనికి చేరింది. పెళ్లెప్పుడని అడిగినవాళ్లకి నాన్న మంచి ముహూర్తం లేదంటూ రోజులు నెట్టాడు. మరో నెలకి నాకు వీసా వచ్చింది. ఇక ఎవరూ లాక్కోలేరని తేలాక గానీ నాలో నిజాయితీ నిద్రలేవలేదు.

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి ఒక్కతీ ఇంట్లో ఉందని చూసి వెళ్లాను. నాకంటే నాలుగేళ్లు చిన్న. ఒళ్లో చొక్కాల కట్ట పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. అన్నీ చెప్పాను. పెళ్లీ లేదు, పెళ్లికొడుకూ లేడు, ఇంగ్లండుకి చదువుకోడానికి పోతున్నాను, మీ నాన్న వదిలేసింది నా చదువుకే, తెలిసి కూడా నేను తిరిగి ఇవ్వలేదు అని. తిట్టించుకోడానికే వెళ్లాను. నాలుగు తిట్లు తిని, తేలికపడి విమానం ఎక్కుదామని నా ఆశ.

ఆమె తిట్టలేదు. సూది చొక్కాకి గుచ్చి పక్కన పెట్టింది.

"అయితే వొదినా," అంది, "నా పెల్లని సెప్పాలని మా అయ్యకెందుకు తట్టనేదు?"

కోపంగానే అడిగింది. ఆ కోపమంతా వాళ్ల నాన్న మీదే.