బర్రె చెవిలో ఆయన పేరు

నా భుజానికి వేలాడే మిషను రాయి లాంటిది. నేలమీద పడ్డా పగలదు, వానలో తడిసినా ఆగదు. ఎండలో మాత్రం తెర కనబడి చావదు. అప్పుడు దానిమీద కొంగు కప్పి, తల లోపల పెట్టి చూడాలి. పశువుల చెవులకు వేసిన పసుపు బిళ్లల మీది బార్‌కోడ్‌ను అది చదువుతుంది. అది చేతికొచ్చిన రోజు ఇక రాతపని తప్పిందని మురిసిపోయాను. ఇల్లు అలకగానే పండుగ కాదని తర్వాత తెలిసింది. బిళ్లకంటిన పేడ తుడవాలి, బర్రె తల విదిలించకముందే గురి పెట్టాలి, కీమనగానే తెరమీద వచ్చిన యజమాని పేరు పైకి చదవాలి. ఆ ఇంటివాళ్లు అవునన్నాకే టీకా. పాలకుర్తి వైపు ఊళ్లలో నాకు ఇదే కొలువు.

అక్కడ ఒక ఇంట్లో మొగుడూ పెళ్లాలిద్దరే ఉండేవాళ్లు, పెద్దవాళ్లు. పిల్లలు లేరు. ఒకే ఒక బర్రె, దాని పాలతోనే ఇల్లు గడిచేది. బర్రెను ఆయన తన పేరుమీద రాయించాడు. నేను పేరు చదవగానే పలుపు పట్టుకుని, బడిపిల్లవాడిలా "ఉన్న మేడం" అనేవాడు. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. "నాకు కమ్మలు చేయించుమంటె చేయియ్యలే గని, బర్రెకు చెవిపోగు పెట్టిచ్చిండు" అని నాకు చాడీలు చెప్పేది.

ఒకసారి ఆయన ఇంట్లో లేనప్పుడు, "పేరు మీరే చెప్పండి పెద్దమ్మా" అని ఆటపట్టించాను. "ఆయనదే" అంది తప్ప పేరు మాత్రం నోట రాలేదు. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని ఆ కాలం ఆడవాళ్ల నమ్మకం. మా అమ్మా అంతే. రేషన్ దుకాణంలో నాన్న పేరు అడిగితే నన్ను ముందుకు తోసేది. ఆ పద్ధతంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లుమంట.

ఆ వానాకాలం చివర్లో ఆయన ఛాతీనొప్పితో పోయాడు. వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందట. తర్వాత గాలికుంటు టీకాలకు వెళ్లినప్పుడు పలుపు ఆమె చేతిలో ఉంది. నేను అలవాటు కొద్దీ పేరు పైకి చదివేశాను. ఎవరూ పలకలేదు. నాలుక కరుచుకున్నాను.

"మల్లొక్కపారి చదువు బిడ్డా" అంది.

చదివాను. కళ్లు మూసుకుని విన్నది.

"ఊర్లె ఆయన పేరు ఎవ్వలు తీస్తలేరు. సచ్చిపోయినాయన అంటాండ్రు. నువ్వొస్తెనే వినబడుతాంది."

చనిపోయిన మనిషి పేరు మిషనులో ఉంచకూడదు, మార్చాలి. తెలిసీ మార్చలేదు. ఆ తర్వాతి టీకాలప్పుడూ మార్చలేదు. పేరు రెండుసార్లు చదివి, టీకా వేసి వచ్చేశాను. ఊరు దాటేదాకా ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

చివరికి మా పైఆఫీసరుకు తెలిసింది. "నువ్వు జాలిపడితే ఆమెకేం ఒరుగుతది? రేపు బర్రెకేమన్న అయితే సచ్చిపోయినాయన పేరుమీద బీమా ఎట్లొస్తది?" అన్నాడు. మనసులో తిట్టుకున్నాను గాని మాట నిజమే. ఆ బర్రె తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

వెళ్లి చెప్పాను. ఆమె బర్రె మెడ నిమిరింది.

"మార్చు బిడ్డా. నీ కొలువు మీదికి రావద్దు."

అక్కడే ఉంది చిక్కు. యజమాని మారేటప్పుడు పాత పేరు మేము చదివి వినిపించకూడదు, వాళ్ల నోటితోనో సాక్షి నోటితోనో రావాలి. ఎవరిదో బర్రెను తమదని రాయించుకునే దొంగలు ఉంటారని ఆ నియమం. ఈ ముసలామె దొంగా? నియమం పెట్టినవాళ్లను నిలబెట్టి అడగాలనిపించింది. పక్కింటాయనను పిలిచి చెప్పిద్దామన్నాను.

"నా మొగని పేరు నేనుండంగ పక్కింటోడు చెప్పుడేంది?"

కొంగు తలమీదికి లాక్కుంది. నేలచూపులు చూస్తూ ఆయన పేరు చెప్పింది. ఎంత మెల్లగా అంటే, వినబడలేదు, పెదవులు చూసి తెలుసుకున్నాను.

"నలబై ఏండ్ల కాపురం. ఒక్కనాడు పేరు పెట్టి పిలువలే. ఆయుస్సు తగ్గుతదంటిరి. పిలువకున్నా పాయె గద బిడ్డా."

ఆ నమ్మకాన్ని తిట్టడానికి నా దగ్గర బోలెడు మాటలుండేవి. వాటిని పక్కనపెట్టి మిషను ఆమె ముందుకు చాపాను. ఆమె వేలిముద్ర తీసుకుంటుండగా సిగ్నల్ పోయింది. మళ్లీ మొదటి నుంచి చేయాలి.

"పెద్దమ్మా, పేరు ఇంకోసారి చెప్పాలి" అన్నాను. అడగడానికి నాకే సిగ్గేసింది.

ఈసారి గట్టిగా చెప్పింది. పొలంలో ఉన్న మనిషిని అన్నానికి పిలిచినట్టు చెప్పింది. వేలిముద్ర పడింది. తెరమీద ఆయన పేరు పోయి ఆమె పేరు వచ్చింది.

"అయిపోయింది పెద్దమ్మా. ఇక చెప్పే పనిలేదు" అని మిషను ఆపేశాను.

ఆమె నా మాట వినలేదు. బాట వైపు తిరిగి ఆయనను మళ్లీ పేరు పెట్టి పిలిచింది. కాసేపు ఆగి చూసి, ఇంకోసారి పిలిచింది.