టైగర్ ఆపరేషన్ పంచాయితీ

నా చిన్నప్పుడు అని నేను నోరు తెరవగానే మా ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే పనులు గుర్తు తెచ్చుకుని లేచిపోతారు. వాళ్ళ తప్పేం లేదు. నేను ఏ సంగతి చెప్పినా సోడా ఎక్కువైన పుణుగుల పిండిలా పొంగుతుంది. చినుకును గాలివాన చేస్తాను, పిల్లిని పులి చేస్తాను. ముందే ఒప్పేసుకుంటున్నాను కాబట్టి, మీరే కాస్త తగ్గించుకుని వినండి.

మాది గురజాల పక్క ఊరు. మా నాన్న నాపరాళ్ళ లారీ నడిపేవాడు. ఒకసారి ఆ లారీలోంచి రాళ్ళతోపాటు ఒక కుక్కపిల్ల కూడా దిగింది. టైగర్ అని పేరు పెట్టాం. ఏడాది తిరిగేసరికి దూడంత అయ్యాడు. వాడు మొరిగితే కృష్ణ అవతలి గట్టున ఉయ్యాలల్లో పిల్లలు ఉలిక్కిపడేవాళ్ళు. నేను బడికి పోతే బడి గుమ్మంలోనే పడుకునేవాడు. ఎక్కాలు నాకంటే వాడికే ముందు వచ్చాయని మా మాస్టారికి గట్టి అనుమానం.

ఒక్క చిత్తకార్తెలో మాత్రం వాడు మాకు దక్కేవాడు కాదు. వానలు తగ్గుముఖం పట్టి ఆ కార్తె వచ్చిందంటే, కుక్కలు జత కోసం ఒకదాన్నొకటి చీల్చుకునే రోజులు. మావాడు గొలుసు తెంపుకుని పోయేవాడు. మొదటిసారి ఒక చెవి ఎక్కడో వదిలేసి వచ్చాడు. రెండోసారి మెడ కింద నా పిడికిలి పట్టేంత గాయంతో ఈడ్చుకుంటూ వచ్చాడు. పశువుల ఆసుపత్రి కాంపౌండరు కుట్లు వేస్తూ, "మళ్ళీ కార్తెకు ఇట్నే పోయాడంటే తిరిగి రాడు. ఆపరేషన్ చేయించండి, ఇంటిపట్టున పడి ఉంటాడు" అన్నాడు.

ఆపరేషన్ అన్న మాట మా వీధిలో బాంబులా పడింది. మరుసటి ఏడు కార్తె దగ్గరపడుతుండగా మా అరుగు మీద సభ మొదలైంది. అలాంటి సభ ఏ శాసనసభలోనూ జరిగి ఉండదు.

"బావా, పల్నాట్లో పుట్టిన మగకుక్క అది! దానికేందయ్యా ఈ కర్మ?" అని మా మేనమామ తొడ చరిచాడు.

"వీధి పరువేం గావాల? రేపు మాచర్లోళ్ళు నవ్వరా?" అన్నాడు ఎదురింటి బాబాయి. మా వీధి ఒకటి ఉన్నట్టే మాచర్లలో ఎవరికీ తెలియదు. ఈ ఇద్దరి దొడ్లలో నాగలి లాగే ఎడ్లన్నీ లేత వయసులోనే ఆ పని అయిపోయినవే. వాటి పౌరుషం ఎవరికీ గుర్తు రాలేదు.

కిళ్ళీకొట్టు తాతయితే వంశం అంతరిస్తుందని పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నాడు. మా నాన్నకు టైగర్ అంటే ప్రాణం. వాడి మెడ మీద మానిన మచ్చ నిమురుతూ, "చూద్దాంలే" అనేవాడు. సభ మర్నాటికి వాయిదా పడేది. మర్నాడూ అంతే. నేను స్తంభం వెనక నిలబడి, కార్తె వచ్చేస్తోంది, ఎవరో ఒకరు సరే అనండి అని లోలోపల మొత్తుకునేవాణ్ణి.

ఈ సభకంతటికీ టీలు మా అమ్మవే. చెల్లి పుట్టాక అమ్మకూ ఆపరేషన్ అయింది. దానికి అరుగు మీద ఎవరూ కూర్చోలేదు. లారీ ఎక్కబోతూ నాన్న, "రేపు క్యాంపుంది, పోయిరా" అన్నాడు, అంతే. కుట్లు ఆరకముందే అమ్మ మిరప చేలోకి వెళ్ళింది. అప్పటినుంచి బిందె ఎత్తాలన్నా, వంగి లేవాలన్నా ఒక చెయ్యి నడుం మీద ఉండాల్సిందే.

ఒక సాయంత్రం సభ మంచి ఊపులో ఉండగా అమ్మ టీ పళ్ళెం దించి, నాన్న వైపు తిరిగి, "ఏందయ్యా, నాకు చేయించేటప్పుడు ఒక్కళ్ళన్నా ఇక్కడ కూర్చుని టీ తాగారా?" అంది.

మామ గ్లాసులోకి చూసుకున్నాడు. తాత పంచెతో మళ్ళీ కళ్ళు ఒత్తుకోబోయి ఆగిపోయాడు.

అయినా ఎవరూ సరే అనలేదు. చిత్త వచ్చింది, గొలుసు తెగింది. నాన్నా నేనూ మిరప చేల గట్ల వెంట పిలుచుకుంటూ తిరిగాం. వాగు పక్కన తుమ్మచెట్టు కింద దొరికాడు. నన్ను చూసి తోక ఆడించాడు. నాన్న గోనెపట్టాలో చుట్టి చేతుల మీద ఎత్తుకున్నాడు. ఊరి మొదటి ఇల్లు కనపడేసరికి తోక ఆగిపోయింది. "చేయించాల్సిందిరా" అన్నాడు నాన్న. ఇక్కడ పెంచి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆ సాయంత్రం సభ మళ్ళీ కూర్చుని, టైగర్‌ది వీరమరణమని తేల్చింది. అమ్మ టీ తెచ్చింది.

మొన్న నరసరావుపేటలో మా ఇంట్లో అదే సభ. ఇప్పుడు మాకున్న కుక్కకు ఆపరేషన్ చేయించాలా వద్దా అని. అరుగు పోయి సోఫా వచ్చింది, అంతే తేడా. "పాపం, మగది గదా" అన్నాడు మా బావమరిది. సరిగ్గా అప్పుడే మా ఆవిడ టీ తెచ్చింది. నేను లేచి పళ్ళెం అందుకున్నాను. నాకు వచ్చిన చదువు అంతవరకే. ఎక్కడ ఎవరి గురించి పంచాయితీ జరుగుతున్నా, ముందు టీ తెచ్చిన చేతుల వైపు చూస్తాను. సోఫాలో మాట మాత్రం ఆగలేదు. కుక్క సంగతి ఇంకా తేలలేదు.

తగ్గించుకుని వినమన్నాను గదా. దూడంత కుక్కనూ, తొడ చరిచిన మామనూ మీరే కొలిచి తగ్గించుకోండి. అవన్నీ పెంచినవే గానీ కల్పించినవి కావు. కల్పించింది ఒక్కటే. అమ్మ ఆ మాట అనలేదు. పళ్ళెం దించి, నడుం మీద చెయ్యి వేసుకుని, వాళ్ళ మాటలు వింటూ కాసేపు నిలబడింది. తర్వాత ఖాళీ గ్లాసులు ఏరుకుని లోపలికి వెళ్ళింది.

"ఏమే, ఇంకో టీ" అని నాన్న వెనక నుంచి కేకేశాడు.

పెట్టింది.