ఓటీపీ చెప్పని మనిషి

మా ఇంటికంతా ఒక్కటే ఫోను. అది మా ఆయన జేబులో ఉంటుంది. ఆ రోజు ఆయన మామిడికాయల లోడుతో కృష్ణగిరి మండీకి వెళ్ళాడు. నేనూ, మా అమ్మాయీ కుందారపల్లిలో బ్రౌజింగ్ సెంటర్‌కి వచ్చాం. నర్సింగ్ సీటు కోసం కాలేజీలు ఎంచుకుని సాయంత్రం అయిదు లోపల ఖాయం చెయ్యాలి. లేకపోతే ఈ ఏడాదికి చదువు లేనట్టే. పిల్ల అన్నీ ఎంచుకుంది. ఆఖర్న కంప్యూటర్ ఓటీపీ అడిగింది. అడుగుతుందని మాకేం తెలుసు? అది తిన్నగా మా ఆయన ఫోనుకు పోయింది.

సెంటర్ నడిపే ఆవిడ తన ఫోనిచ్చింది. అమ్మాయి చేసింది.

"నాయనా, నేను. నీ ఫోన్‌కి ఓటీపీ వచ్చింటుంది, చెప్పు."

"యెవరమ్మా నువ్వు?"

"నీ కూతుర్ని నాయనా!"

"ఇది యెవరి నంబరో! ఓటీపీ యెవురికీ చెప్పొద్దని మా పాపే చెప్పింది. పెట్టమ్మా ఫోను."

గొంతు కూతురిదే కదా అంటారేమో. దొంగలు అచ్చం కొడుకు గొంతుతో మాట్లాడి ఎవరిదో బ్యాంకు ఖాతా ఊడ్చేశారని మండీలో చెప్పుకున్నారట. అప్పటినుంచి ఈయన గొంతుల్ని కూడా నమ్మడం మానేశాడు.

మళ్ళీ చేస్తే ఎత్తలేదు. గోడ గడియారం అయిదుకు దగ్గరపడుతోంది. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఫోన్ లాక్కుని ఎత్తేదాకా చేస్తూనే ఉన్నాను.

"యోవ్! బుద్ధుందా నీకు? పొద్దున అన్నం క్యారియర్ మరిచిపోయి పోయినావు, ఓటీపీని మాత్రం లంకెబిందెల మాదిరి కాపలా కాస్తా ఉండావు! ఈడ పాప చదువు మన్ను కొట్టుకుపోతా ఉంది!"

 అటువైపు ఆయన పక్కనున్న ఎవరితోనో అంటున్నాడు: "ఇది మా ఇంటిదేనప్పా. ఈ తిట్లు ఏ దొంగకీ రావు."

ఫోన్ చెవిన పెట్టుకుని మెసేజ్ చూడటం ఆయనకు చేతకాదు. కట్ చేసి, చూసి, మళ్ళీ చేసేసరికి ఆ ఓటీపీ చెల్లకుండా పోయింది. దేవుడా అనుకుంటూ ఇంకొకటి పంపమని కంప్యూటర్‌లో నొక్కాం. ఈసారి వెంటనే చేసి, మండీ కేకల మధ్య ఒక్కొక్క అంకే అరిచి చెప్పాడు. పిల్ల విన్నది విన్నట్టు కొట్టింది. అయిదు కాకముందే ఖాయమైంది.

మర్నాడు మండీకి పోతూ ఆయన ఫోను తీసి పాప చేతిలో పెట్టాడు.

"ఇంక ఈడే ఉండనీమ్మా. సీటు వచ్చిందీ లేనిదీ దీంట్లోనే కదా చెప్పేది. నాకు యెవురు చేస్తారు?"

ఆ సాయంత్రం హైవేలో మామిడికాయల లారీ ఒకటి బోల్తాపడిందని ఊళ్ళోకి వచ్చినవాళ్ళు చెప్పారు. ఎవరిదో తెలియదన్నారు. చీకటిపడి ఆయన వాకిట్లోకి వచ్చేదాకా నా ప్రాణం ప్రాణంలో లేదు. ఫోను నా చేతిలోనే ఉంది. ఎవరికి చెయ్యను?