కుండ పలికిన మాట

ఈ వేసవికి కొన్న కొత్త కుండలో నిన్న నీళ్ళు పోశాను. అడుగు నుంచి బుడబుడమని శబ్దం వచ్చింది. మా ఆవిడ "గాలి" అంది. నాకు మాత్రం కొత్తపేట బడిలో నాతో పనిచేసిన సుగుణమ్మగారు గుర్తొచ్చారు.

డెబ్బైల చివర్లో ఆవిడ తెలుగు చెప్పేవారు, నేను ఇంగ్లీషు. ఇంగ్లీషు కథ చదివి అర్థం చేసుకునేవాణ్ణి ఊళ్ళో నేనొక్కణ్ణే. సరే, నేనూ, నా పక్కన డిక్షనరీ. ఆవిడ భర్త ఓడలరేవు దగ్గర పడవతో సహా సముద్రంలో కలిసిపోయారు. శవం దొరకలేదు. ఏళ్ళు గడిచినా చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టనివ్వలేదావిడ. "దొరకని మనిషికి కూడికేమిటండీ" అనేవారు. కొడుకు పేరున ఒక్క ప్రార్థన విని పోవాలని అత్తగారు మంచంలో ఎదురుచూసేవారు.

ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో, పత్రికలో వచ్చిన ఆఫ్రికా కథ ఒకటి ఆవిడకు తెలుగులో చెప్పుకుంటూ పోయాను. నదిలో పోయిన జాలరి గొంతు అతని భార్య నీళ్ళకుండలోకి వచ్చి చేరుతుంది. పిలిస్తే పలుకుతుంది. అందుకని ఆమె ఆ నీళ్ళు తాగదు, పారబోయదు. కరువొస్తుంది. దాహంతో ఒక పసిపిల్ల గుమ్మంలో నిలబడుతుంది.

"ఆమె పిలిచిందండి. కుండ 'ఆయ్' అంది."

సుగుణమ్మగారు దిద్దుతున్న పేపరు పక్కన పెట్టారు. "ఆఫ్రికావాళ్ళు కూడా ఆయ్ అంటారా మాస్టారూ?"

వేళాకోళం అనుకున్నాను. కాదు. ఆవిడ కుర్చీ నా వైపు జరుపుకున్నారు.

"వాకిట్లోంచి పిలిస్తే ఆయన అలాగే పలికేవారండి. అదొక్క ముక్కే."

"పత్రికలో 'ఊ' అనే ఉందండి. ఆయ్ నేను పెట్టేను."



"మరి ఆ నీళ్ళు?"

"పిల్లకి పోసేసిందండి."

"అదీ మీరే పెట్టేరా?"

"లేదండి. అది కథలోదే."

"చూపించండి" అన్నారు. ఆ వాక్యం మీద వేలు పెట్టించుకుని, ఒక్కొక్క మాటకీ అర్థం చెప్పించుకున్నారు.

తర్వాతి ఆదివారమే కూడిక పెట్టించారు. అత్తగారిని కుర్చీలో మోసుకొచ్చారు. ఊరంతా తరలివచ్చిందని అందరికీ చెబుతుంటాను. నిజానికి సగం బెంచీలు ఖాళీ. పోయినాయన గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు పాస్టరుగారు. నేను లేచాను. ఆయన్ని ఎరగకపోయినా గంటసేపు చెప్పగలను. సుగుణమ్మగారు తలెత్తి నా వైపు చూశారు. కూర్చుండిపోయాను.

ఇప్పటికీ కథలకి ఉప్పూకారం తగిలిస్తూనే ఉంటాను. మా మనవలకి తెలుసు, వదిలేస్తారు. పోయినవాళ్ళ మాట చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం, వాళ్ళ ఇంటివాళ్ళెవరైనా వింటున్నారేమోనని ముందు చుట్టూ చూస్తాను. వింటున్నారనే అనిపిస్తుంది. తెలిసినంత చెప్పి అక్కడితో ఆపేస్తాను.