కోమలికి లాబ్‌స్టర్

వడమాలపేటలో కారు నడిపే జయరావు ఏ హోటల్లోనూ నేరుగా వెళ్లి కూర్చోడు. ముందు వంటింట్లోకి తొంగిచూసి, ముక్కు ఎగబీలుస్తాడు. జబ్బుపడి లేచాక భార్య కోమలికి అన్నం సహించడం లేదు. ఓరోజు ఫోన్‌లో లాబ్‌స్టర్ అనే పెద్ద సముద్రపు రొయ్యను చూసి, "అది తినాలనుండాది" అంది. మర్నాడే ఆమెను తూపిలిపాలెం సముద్రతీరానికి తీసుకెళ్లాడు. రెండు హోటళ్లలో ఐసులో పెట్టిన సరుకు చూసి వెనక్కి తిరిగాడు. "ఏదో ఒకటిలేబ్బా, ఆకలవతా ఉండాది" అంది కోమలి. ఆమె నోట ఆ మాట విని నెలలైంది. జయరావుకు కాలు నిలవలేదు. మూడోచోట, తాటాకు పాకలో, వంటామె నీళ్లతొట్టిలోంచి ఎత్తిన లాబ్‌స్టర్ తోక టపటపా కొట్టుకుంది. "ఇదే అక్కా, వండు" అన్నాడు. కోమలి మొదటి తునక నమిలి, వేళ్లు నాకి, "కారం సాల్లేదు" అంది. వడ్డించే మనిషి వచ్చేదాకా ఆగలేక, కారప్పొడి డబ్బా కోసం జయరావే లోపలికి పరుగెత్తాడు.