ఏసెత్తన్నాను

నలభై ఏళ్ళ పైబడి ఒక మాటను మోస్తున్నాను. ఐదక్షరాల మాట. రైఫిల్ మోశాను, లాఠీ మోశాను, ఒక తుఫానులో ముసలాయన్ని భుజాన వేసుకుని మోకాలి లోతు నీళ్ళలో రెండు మైళ్ళు నడిచాను. అవన్నీ ఎక్కడో ఒక చోట దించాను. ఇదొక్కటే దించలేదు. ఈరోజు దించుతాను. చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకూ తెలియనక్కర్లేదు. విశాఖపట్నం పోలీసుల్లో పనిచేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మనిషినని తెలిస్తే చాలు.

నేను ఒక మనిషిని కాల్చి చంపాను. అది నేను దాచిన సంగతి కాదు, కాగితాల్లోనే ఉంది. నేను దాచింది ఆ కాగితాల్లో లేనిది.

పోలీసులు ఎందుకు కాలుస్తారని నన్ను చాలామంది అడిగారు. టీ కొట్టు దగ్గర, పెళ్ళి భోజనాల్లో, అల్లుళ్ళు, బావమరుదులు. ప్రాణం మీదికి వస్తే కాలుస్తామని చెప్పేవాణ్ణి. అది నిజమైన సందర్భాలున్నాయి, నా కళ్ళతో చూశాను. ఆ కాల్పులు జరిపినవాళ్ళ తరఫునా మాట్లాడను, వాళ్ళ మీదా మాట్లాడను. నా చేతిలోంచి వెళ్ళిన తూటా సంగతి మాత్రం నాకు బాగా తెలుసు. దాన్ని భయం పేల్చలేదు. కోపం అంతకన్నా కాదు. దాన్ని ఒక చొక్కా పేల్చింది.

నవ్వకండి. చెప్తాను.

అప్పట్లో గాజువాక వైపు ఉక్కు కర్మాగారం కడుతున్నారు. ఎటు చూసినా ఇనుము, కేబుళ్ళు, లారీలు, ఎర్ర దుమ్ము. ఒక కాంట్రాక్టరు సామాన్ల యార్డులో రాగి కేబుల్ పోయింది. అడ్డుపడిన వాచ్‌మన్‌ని ఎవరో కత్తితో పొడిచారు. మనిషి బతికాడు గానీ కుడిచెయ్యి పనికిరాకుండా పోయింది. పొడిచింది యారాడకు చెందిన నూకన్న అని ఒక పాత ఇనుము వ్యాపారి చెప్పాడు. నూకన్న సముద్రం మీద చేపల వేటకెళ్ళే మనిషి, మధ్య మధ్య యార్డులో కూలికి వచ్చేవాడు. పాతికేళ్ళుంటాయి. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. నేను అతన్ని దేవుణ్ణి చెయ్యబోవడం లేదు. అతనే పొడిచాడో, ఆ వ్యాపారి తన మెడకు చుట్టుకోకుండా ఓ పేరు చెప్పేశాడో, ఇవాళ్టికీ నాకు తెలియదు. తెలుసుకునే దారి నేనే మూసేశాను.

అతను తగరపువలస సంతలో కనిపించాడని కబురొచ్చింది. మా ఊరు ఆ పక్కనే. అక్కడి సందులన్నీ నాకు కొట్టిన పిండి కనక నన్నే పంపారు. పట్టుకున్నాను కూడా. వెనక నుంచి కాలరు పట్టుకున్నాను. అతను రెండు చేతులూ పైకెత్తి ఒక్క గుంజు గుంజి కిందికి జారాడు. చొక్కా నా చేతిలో, మనిషి మిరపకాయల బస్తాల అవతల. సంతంతా ఘొల్లుమంది. ఆ చొక్కా పట్టుకునే స్టేషనుకి వెళ్ళాను, ఇంకేం చెయ్యను?

మర్నాటి నుంచి నా పేరు పోయింది. "ఒరే చొక్కా" అనడం మొదలుపెట్టారు. హాజరు తీసుకునేటప్పుడు ఎస్సై గారు కూడా, ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మనిషి, "చొక్కా వచ్చాడా?" అని అడిగారు. వరసలో ఉన్నవాళ్ళంతా కిసుక్కుమన్నారు. నవ్విన నాపచేనే పండుతుందిలే అని పైకి నేనూ నవ్వాను. లోపల మాత్రం ఉడికిపోయాను. ముప్పై ఏళ్ళ మగవాణ్ణి, ఒంటి మీద ఖాకీ ఉంది, ఇంట్లో పెళ్ళాం ముందు కూడా తలెత్తలేకపోయాను. ఇది చిన్న విషయమని మీకనిపించొచ్చు. నాకూ ఇప్పుడు అలాగే అనిపిస్తోంది. అప్పుడు అనిపించలేదు. అంతే తేడా.

మూడు వారాల తర్వాత నూకన్న యారాడలోనే ఉన్నాడని తెలిసింది. మిట్టమధ్యాహ్నం జీపులో కొండెక్కి దిగాం. ఎస్సై గారు, ఇంకో కానిస్టేబుల్, నేను. వాళ్ళిద్దరూ కొబ్బరితోట వైపు నుంచి గుడిసెల మీదికి వెళ్ళారు. నన్ను రైఫిల్‌తో ఒడ్డున తెప్పల వైపు నుంచి రమ్మన్నారు. "ఈసారి చొక్కా కాదు, మనిషిని తీసుకురా" అన్నారు ఎస్సై గారు.

రెండో తెప్ప దాటగానే నూకన్న కనిపించాడు. ఇసుకలో గొంతుక్కూర్చుని పెద్ద చేపని రెండుగా చీలుస్తున్నాడు, ఉప్పు పెట్టడానికి. చేతిలో చేపల కత్తి. ఒంటి మీద చొక్కా లేదు. అతనికి పాతిక ముప్పై అడుగుల అవతల అతని అక్క పోలమ్మ చేపలు ఎండబెడుతోంది. నాకూ నూకన్నకూ మధ్య ఎనిమిది అడుగులు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

రైఫిల్ గురిపెట్టి, "కత్తి కిందెయ్యరా" అన్నాను.

"ఏసెత్తన్నాను బాబూ, ఏసెత్తన్నాను" అన్నాడు.

మా ఉత్తరాంధ్రలో పుట్టినవాడికి ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. కింద పడేస్తున్నాను, పెట్టేస్తున్నాను అని. అలా అంటూనే కత్తి పట్టుకున్న చెయ్యి కిందికి దించుతూ నడుము వంచాడు. వంగేటప్పుడు ఎడమకాలు ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఇక్కడే నేను నలభై ఏళ్ళుగా ఆగిపోతున్నాను. ఆ కాలు ఎందుకు వెనక్కి వేశాడు? వంగినప్పుడు తూలిపోకుండా వేశాడా? పారిపోవడానికి వేశాడా? నాకు మాత్రం సంతే కనిపించింది. చేతిలో చొక్కా, బస్తాల అవతల మనిషి, సంతంతా నవ్వు. మళ్ళీ పారిపోతే? ఒట్టి చేతులతో పరిగెత్తేవాణ్ణి వెనక నుంచి కాలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. కత్తి చేతిలో ఉన్నవాణ్ణి కాలిస్తే ఊడదు. ఇంత లెక్క అరక్షణంలో బుర్రలోకి వస్తుందా అని మీరు అడగొచ్చు. వస్తుంది. నాకు వచ్చింది. కత్తి ఇసుకలో పడ్డాక కాల్చడానికి వీల్లేదు. అందుకే పడకముందే కాల్చాను.

ఆ వాక్యం రాశాను. ఇన్నేళ్ళూ నోటితో కూడా అనలేదు. ఒక్కణ్ణీ ఉన్నప్పుడు కూడా.

అతని మాట నాకు అర్థం కాలేదేమో, గాలిలో వినపడలేదేమో అని చాలాకాలం నన్ను నేను బుజ్జగించుకున్నాను. అది అబద్ధం. రెండుసార్లు అన్నాడు. మొదటిసారే విన్నాను. నా చెవి తగరపువలస చెవి.

ఎస్సై గారు పరిగెత్తుకొచ్చారు. నూకన్న బోర్లా పడి ఉన్నాడు, కత్తి ఇంకా పిడికిట్లోనే ఉంది. ఏమన్నాడని అడిగారు. ఏసెత్తన్నాను అన్నాడండి అన్నాను. ఆయన భాషలో, సినిమాలు చూసిన ఎవరి భాషలోనైనా, ‘వేసేస్తా’ అంటే చంపేస్తాననే. "చంపేస్తానన్నాడన్నమాట" అని ఆయనే అనుకుని, ఆయనే రాసుకున్నారు. నేను అవునన్లేదు, కాదన్లేదు. ఆ మాట విషయంలో అప్పటికి నేను చేసిన పాపం నోరు మూసుకోవడమే. అక్కడితో ఆగినా బాగుండేది.

కాల్పుల మీద విచారణ పెట్టారు. విచారించిన రెవెన్యూ అధికారి రాయలసీమ నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చారు. మంచి మనిషి. దేన్నీ తేలిగ్గా వదిలేవారు కాదు, ప్రతి మాటా రెండుసార్లు అడిగేవారు. నన్నడిగినప్పుడు కత్తి కిందెయ్యమన్న సంగతి చెప్పలేదు. లొంగిపొమ్మని హెచ్చరించానని చెప్పాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు కదా. కిందెయ్యమన్నానని చెప్తే, ఏసెత్తన్నాను అనేది దానికి జవాబని పసిపిల్లలకు కూడా తెలిసిపోతుంది.

తర్వాత పోలమ్మని పిలిచారు. ఇస్త్రీ లేని శుభ్రమైన చీర కట్టుకుని, యారాడ నుంచి నడిచి వచ్చింది. సముద్రపు హోరులో నా మాట ఆమెకు వినపడలేదట. ఎప్పుడూ వినే తమ్ముడి గొంతు మాత్రం వినపడిందట. ఆ మాటే తమ్ముణ్ణి నిర్దోషిని చేస్తుందని ఆమె నమ్మకం. నిజానికి చెయ్యాలి కూడా. వణక్కుండా, ఒక్కో అక్షరం నొక్కి చెప్పింది.

"మా తమ్ముడు ఏసెత్తన్నాను అన్నాడు బాబూ. నా సెవుల్తో ఇన్నాను. రెండు మార్లన్నాడు."

అధికారి తల పైకెత్తారు. సొంత అక్కే ఇలా చెప్తుందేమిటన్నట్టు చూశారు. ఆయనకు అనుమానం వచ్చింది. అది ఆయన గొప్పతనం. గోడ పక్కన నిలబడ్డ నా వైపు తిరిగారు.

"నువ్వు ఈ ప్రాంతం వాడివే కదా. ఆ మాటకు మీనింగ్ ఏంటయ్యా?"

గదిలో ఉన్నవాళ్ళలో ఆ యాస నాదీ పోలమ్మదీ మాత్రమే. రాసుకుంటున్న గుమాస్తా గోదావరి వైపు మనిషి. ఎస్సై గారు బయట ఉన్నారు. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ముందుగా నేర్పలేదు. ఆ ప్రశ్నకు నిజం చెప్పడానికి నాకు కావలసినంత సమయం ఉంది. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో ఒకటి ఏరుకున్నాను.

"థ్రెటనింగ్, సార్."

తెలుగులో బెదిరింపు అంటే ఆమెకు తెలిసిపోతుందని ఇంగ్లీషులో అన్నాను. ఇది కంగారులో నోరు జారడం కాదు, ఆలోచించి చేసిన పని. గుమాస్తా రాసుకున్నాడు. పోలమ్మ చెప్పిన మాటకు నా అర్థం తగిలించి, దాని కింద ఆమె చేతనే వేలిముద్ర వేయించారు. తమ్ముడు చంపుతానని బెదిరించాడని అక్కే సాక్ష్యం చెప్పినట్టయింది. ఆత్మరక్షణ కోసం జరిపిన కాల్పులు అని తేల్చారు. వాచ్‌మన్ కేసు కూడా నూకన్న పేరు మీదే మూసేశారు.

బయట వరండాలో పోలమ్మ నా కోసం ఆగింది. తిడుతుందనుకున్నాను, దుమ్మెత్తి పోస్తుందనుకున్నాను. ఆమె నన్ను గుర్తుపట్టలేదని అర్థమవడానికి కాసేపు పట్టింది. ఆ రోజు ఒడ్డున ఆమె చూసింది ఖాకీని, మొహాన్ని కాదు. వేలికి అంటిన సిరా చీర చెంగుకు తుడుచుకుంటూ అంది.

"మా మాట ఆరికి తెలిసేలాగ సెప్పినావు. సల్లగుండు బాబూ."

నేను తలూపాను. అవును, తలూపి వచ్చేశాను.

ఆ తర్వాత నన్నెవరూ చొక్కా అనలేదు. నా పేరు నాకు తిరిగొచ్చింది. కొన్నాళ్ళకు హెడ్ కానిస్టేబుల్ కూడా అయ్యాను. ఆటోనగర్‌లో కొత్తగా షెడ్లు పెట్టుకున్నవాళ్ళు లేచి కుర్చీ వేసేవారు. ఆ మర్యాద నాకు బాగుండేది. బాగాలేదని ఇప్పుడు రాస్తే ఇంకో అబద్ధం చేరుతుంది. పోలమ్మ ఎప్పుడో ఒకప్పుడు ఎవరిచేతనైనా ఆ కాగితం చదివించుకుందా? తన వేలిముద్ర మీద ఏం రాసి ఉందో తెలుసుకుందా? తెలియదు. యారాడ వైపు డ్యూటీ పడితే మార్పించుకునేవాణ్ణి. సర్వీసంతా ఆ కొండ దిగలేదు.

పగవాణ్ణి తప్పించుకోవచ్చు గానీ ఇంట్లో మాటను తప్పించుకోలేం. మా ఆవిడ మా మేనమామ కూతురే, మా ఊరిదే. రోజూ రెండు పూటలా వంటింట్లోంచి "అన్నం ఏసెత్తన్నాను, రండి" అంటుంది. కంచంలో అన్నం పెట్టినా, బావిలో చేద దించినా, తలుపు గడియ పెట్టినా మాకు అదే మాట. చంపుతానని బెదిరించడానికి మా ఇంట్లో ఎవరూ, ఎప్పుడూ ఆ మాట వాడలేదు. మా ఊళ్ళోనూ వినలేదు. పెళ్ళైన కొత్తల్లో పిలవగానే వెళ్ళేవాణ్ణి. ఆ విచారణ తర్వాత ఆమె రెండోసారి పిలిచేదాకా ఆగడం అలవాటైంది. ఎందుకు ఆగుతానో ఆమెకు తెలియదు. మొండితనం అనుకుంటుంది. ఈ కాగితం రాశాక ఆమెకు చదివి వినిపిస్తాను. ఆ తర్వాత అన్నం పెడుతుందో లేదో ఆమె ఇష్టం.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి మీరెవరు? అడగాల్సిన మనిషి ముందు తలూపి వచ్చేశాను. పశ్చాత్తాపం అనే పెద్ద మాట కూడా నాకు వద్దు. అది ఎంత ఉన్నా నూకన్న పిడికిట్లోని కత్తి ఇసుకలో పడదు. పోలీసులు ఎందుకు కాలుస్తారంటే అందరి సంగతీ చెప్పలేను. నవ్వులపాలవుతానని నేను కాల్చాను. నవ్వులపాలవనని తెలిశాక కూడా అబద్ధమాడాను. మొదటిదానికి అరక్షణం అనే సాకు ఉంది. రెండోదానికి ఏ సాకూ లేదు.

ఆ అధికారి ఉన్నారో పోయారో. ఆయన అడిగిన ప్రశ్నకు నేను జవాబు బాకీ లేనట్టే కాగితాల్లో ఉంటుంది. అది తప్పుడు కాగితం. ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది. పోలమ్మకు కూడా తెలిసే భాషలో, ఇప్పుడు చెప్తున్నాను.

కింద పెట్టేస్తున్నాను అని అర్థం, సార్. నేనే పెట్టమన్నాను. పెట్టేస్తున్నాడు.